కింది వచనం

స్ట్రెచర్ మీద నుంచి తల్లి చెయ్యి జారింది. పాస్టరు దాన్ని పట్టుకుని పక్కనే పరుగెత్తాడు. చెమటతో తడిసి, మంచులా ఉంది.

"అత్తయ్యకు ఏమైందండీ?" వెనకే వస్తూ అడిగింది భార్య.

"ఆ చూపుల మామ్మ ఏదో పెట్టింది. అమ్మకేమైనా అయిందా, పోలీసులకు పట్టిస్తాను."

ఆసుపత్రి తలుపులు మూసుకున్నాయి.

ఏడు రోజుల కిందట ప్రార్థన మందిరంలో ఉపవాసం మొదలైంది. బైబిల్లోని దానియేలులాగా పది రోజులు కూరగాయలు, నీళ్ళు మాత్రమే. ఎలా చెయ్యాలో పాస్టరు చేతిలోని చిన్న పుస్తకంలో ఉంది. దాని అట్ట మీద పేరు లేదు, 'ఒక సేవకురాలు' అని మాత్రం ఉంది.

నలభై మంది చేరారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది పాస్టరు తల్లే. ఆమెకు చక్కెర జబ్బు.

ఆ రోజే ఎవరో పెద్దావిడ సంచీతో వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకుంటే ఆవిడ మాత్రం ఒక్కొక్కరి ముఖమే చూస్తూండేది.

"పోలీసులు కూడా దొంగను ఇంతలా చూడరు," అని నవ్వుకున్నారు. చూపుల మామ్మ అని పేరు పెట్టారు.

ఐదో రోజు ఆవిడ పెరట్లో పట్టుబడింది. తన తల్లి నోట్లో బిస్కట్టు పెడుతుండగా పాస్టరే చూశాడు.

"దేవుడికిచ్చిన మాట చెడగొడతారా?"

"ఆ పుస్తకం పక్కన పెట్టి, బైబిల్లో దాని కింది వచనం కూడా చదవండి అయ్యగారూ."

"నాకే బైబిలు నేర్పుతారా? ముందు బయటికి నడవండి."

గేటు దగ్గర ఆవిడ వెనక్కి తిరిగింది. "మీ అమ్మగారి ముఖం చూస్తూండండి," అని వెళ్ళిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి.

"గండం గడిచింది," అంది డాక్టరమ్మ. "చక్కెర ముప్పై ఎనిమిదికి పడిపోయింది. మాత్రలు వేసుకుంటున్నారా?"

"రెండు పూటలా నా చేత్తో నేనే వేస్తున్నాను."

"మరి తిండి?"

"కూరగాయలు, నీళ్ళు."

డాక్టరమ్మ కలం ఆగింది. "సరైన తిండి లేకుండా ఆ మాత్ర వేస్తే ప్రాణం పోతుంది. ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డారీవిడ?"

భార్య తల దించుకుంది. "ఐదో రోజు దాకా ఒకావిడ దొంగచాటుగా బిస్కట్లు, అరటిపళ్ళు పెట్టిందటండీ."

"తర్వాత మాన్పించిందెవరు? రాసుకోవాలి."

ఇంతలో లోపల్నుంచి సన్నగా తల్లి గొంతు వినిపించింది.

"ఆవిడ వచ్చిందా?"

పాస్టరు మంచం పక్కన కూలబడ్డాడు. "వెతికిస్తానమ్మా. ఎవరావిడ?"

"ఎక్కడని వెతుకుతావురా? ఊరూ పేరూ చెప్పలేదు. ఈ ఉపవాసం ఎక్కడ పెడుతున్నారని తెలిస్తే అక్కడికి పోతుందట. తన మాట విని ఉపవాసమున్న కూతురు తొమ్మిదో రోజున పోయిందట. పాపం, నా జబ్బే."

"తన మాటేమిటమ్మా?"

"ఆ పుస్తకం రాసింది ఆవిడేరా. ఆరో రోజు ధైర్యం చేసి నీకు చెప్తానంది. నువ్వు ఐదో రోజే గెంటేశావు. నలుగురిలో నీ మాట పోతుందని నేనూ నోరెత్తలేదు."

పాస్టరు సంచీలోంచి బైబిలు తీసి ఆ పేజీ తిప్పాడు. పది రోజులయ్యాక మా ముఖాలు చూడు, చూసి నీకు తోచినట్టు చెయ్యి. దానియేలు తన మీది అధికారిని అడిగింది ఇదీ. చిన్న పుస్తకంలో కూరగాయల దగ్గరే వచనం ఆగిపోయింది.

ఏడు రోజుల్లో మొదటిసారి తల్లి ముఖం చూశాడు.

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. "ఎవరని రాయమంటారు?"

"నా పేరు రాయండి," అన్నాడు పాస్టరు. "ఆవిడ పెట్టింది. నేను మాన్పించాను."