ఎడమ చెయ్యి

మా నడుములు వంచింది చాలక, చేతులకు కూడా హుకుం జారీ చేశాడు మా గడీ దొర. ఇన్నాళ్లూ ఆయన బండి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకుంటే సరిపోయేది. పట్నంలో నవాబుల మర్యాద చూసొచ్చాక అదీ చాలదట. ఎడమ చేత్తో చెప్పులు నడుము వెనక దాచాలి, అప్పుడే కుడి చేత్తో వంగి సలాం చెయ్యాలి. తప్పినవాడు నెత్తిన బండతో ఎండలో నిలబడాలి.

ఊరికి నేర్పే పని నేను నెత్తికెత్తుకున్నాను. మా వాడలోని అంజిలయ్యతోనే చిక్కు వచ్చింది.

“అన్నా, ఎడమ చెయ్యి! ఎడమ చెయ్యి!”

“ఇది చెయ్యారా? మొండి ఎద్దు! చెప్పినట్టు ఇంటలేదు.”

ఇవాళ పొద్దున దొర ఇబ్రహీంపట్నం నుంచి తహసీల్దారును వెంటబెట్టుకొచ్చాడు. మేం వరసగా వంగాం. కుడి చేతులతో పాటు ఎడమ చేతులూ లేచాయి. ఊరి చెప్పులన్నీ దొర ముఖం ముందు నిలిచాయి. తహసీల్దారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

“గిదేందిరా?” దొర గద్దించాడు.

“నేర్సుకుంటున్నం దొరా, జర ఓపిక పట్టుండ్రి,” అన్నాడు అంజిలయ్య.

ఊరందరి నెత్తికీ సరిపడా బండలు గడీలో లేవు. దొర పళ్లు నూరాడు. “రేపు సందెకు నా ముంగటనే నేర్వాలె! వచ్చేదాంక ఇడిశిపెట్ట!”

తిరిగొస్తూ అంజిలయ్య నాకొక సలాం చేశాడు. వెనక చెప్పులు కదల్లేదు.

“సలాం మొదటి దినమే వచ్చిందిరా. ఎడమది కుడిదానితోని లేవాలంటేనే పానం పోయింది.”

పొరుగూరు రావిర్యాల అన్నలారా, రేపు సాయంత్రం ఐదు గంటలకు మా గడీ ముందు మీరూ కలవండి. చెప్పులు లేనివాళ్లు అరువు తెచ్చుకోండి.