పైనే కాలిపోయింది

దీపాలు పెట్టే వేళకు పెద్దముడియం అవతలి ఒక ఊరి మీద ఢామ్మని పెద్ద శబ్దం.

వంటింట్లో పళ్లేలు అదిరాయి. దొడ్లో గొర్రెలు చెల్లాచెదురయ్యాయి.

అవి ఎలక్షన్ల రోజులు. కుక్క మొరిగినా అవతలి పార్టీ కుక్కేమో అని చూసే కాలం. మగవాళ్లెవరూ ఆకాశం వైపు చూడలేదు. అందరూ పొరుగూరి వైపే చూశారు.

"బాంబులేసినారు. ఇప్పుడే పోయి వాళ్ల సంగతి తేల్చల్ల," అన్నాడు కాటమయ్య. ఆ ఊళ్లో పార్టీ మనుషులకు అతనే పెద్ద. మనుషుల్నీ కట్టెల్నీ పోగేసి జీపు నిండేసరికి అరగంట పట్టింది.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన, పొలాల అడ్డదారిన సైకిలు తొక్కుకుంటూ. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. సైకిలు పడేసి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. సైన్సు అయ్యవారినని తనే చెప్పుకున్నాడు. మోగింది బాంబు కాదట, ఉల్కట.

"ఆకాశంలో పచ్చగా వెలిగింది సూడలేదాప్పా? గాలి రాపిడికి ఆ రాయి పైనే కాలిపోయింది. దాంట్లోని ఇనుమూ మెగ్నీషియమూ ఆవిరై ఆడనే గాల్లో కలిసిపోతాయి. శబ్దమొకటే మన దాకా వచ్చింది."

పచ్చ వెలుగు తానూ చూశానని పక్కింటి వాకిట్లోంచి నాగులమ్మ అనబోయింది. ఆమెను లోపలికి పొమ్మన్నారు.

"బాంబయితే మందు వాసన రావల్ల గదా?" అని ముసలాయన బతిమాలాడు.

బాంబుల సంగతి తనకే చెప్పవచ్చినందుకు కాటమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనల్ని ఆపి ఉంచడానికి వాళ్లే పంపారు వీణ్ణి అంటూ కట్టె ఎత్తాడు.

ఒక్క దెబ్బే. ముసలాయన కూలిపోయాడు. జీపు చక్రాన్ని పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు.

వాటిని విడిపిస్తుండగానే పొరుగూరి మీదుగా వచ్చే బస్సు ఆగింది. ఆకాశంలో పచ్చటి మంట బస్సులో అందరమూ చూశామంటూ కండక్టరు అల్లాబక్ష్ దిగాడు. కింద పడి ఉన్న మనిషిని చూసి దగ్గరికి పరుగెత్తాడు.

"మీరే బాంబులేసినారని ఆ ఊరోళ్లు గూడా జీపెక్కినారు. ఈ అయ్యవారే అడ్డం పడి వాళ్లను దింపినాడు," అన్నాడు.



నాగులమ్మ పరుగున నీళ్లు తెచ్చి నోట్లో పోసింది. గొంతు దిగలేదు.

"ఎవరప్పా ఈయన?" అన్నాడు కాటమయ్య.

అల్లాబక్ష్ అతని ముఖంలోకి చూడకుండానే చెప్పాడు.

"దేవపాలు సారు. పోయినేడు ఎర్రగుంట్ల రోడ్డులో నువ్వు సంపిన పాలయ్య ఈయనకు ఒక్కడే కొడుకు."