మణెమ్మ కొంగు చాటున

ఇలా దగ్గరికి జరగండర్రా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి చెబుతాను.

కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది. ఏలూరులో సూర్యప్రకాశరావుగారని రిటైరైన ఆఫీసరు కొత్త కారు కొన్నారు.

లోపల పాలమీగడ రంగు గుడ్డ సీట్లు. ద్వారకా తిరుమలలో పూజ అయ్యేదాకా ప్లాస్టిక్ తొడుగు తీయనివ్వలేదు.

తీసిన రోజే, ఆయన చేతిలోంచే, పసుపు గిన్నె వెనక సీటు మీద బోర్లాపడింది.

మర్నాడు తెల్లవారకముందే, ఎవరూ చూడకుండా, బట్టల సబ్బు ముక్కతో సీటును బరబరా రుద్దారు. ఆ చీకట్లోనే పైన తువ్వాలు కప్పేశారు.

వంటింటి గడప తొక్కితేగా, పసుపు సంగతి తెలియడానికి!

పొద్దెక్కాక కొత్త అల్లుడు హర్షిత్‌ని వెంటబెట్టుకుని కారును హెన్రీ సర్వీసింగ్ షెడ్డుకి తీసుకెళ్ళారు.

అక్కడ సీట్లు కడిగేది మణెమ్మ. కొల్లేటి లంకలో ఉన్న చేపల చెరువు పోయాక ఆవిడకి ఆ పనొక్కటే ఆధారం. ఆ రోజు కుడి బొటనవేలికి గుడ్డపేలిక కట్టుకుని ఉంది.

మణెమ్మ తువ్వాలు తీసింది. కింద ఎర్రటి మరక.

"రక్తం!" రావుగారు కేకపెట్టారు. "పూజ చేయించిన కారులో నీ వేలి నెత్తురా!"

"నాది కాదండీ. నిన్నటి దెబ్బండీ, ఆరిపోయింది."

"మరెవరిదే? మా అల్లుడిదా?"

"పోనివ్వండి మావయ్యగారూ," అన్నాడు హర్షిత్.

"మీరూరుకోండి బాబూ," అన్నారు రావుగారు. "పొద్దుట్నించీ నేనా సీటు మీద చెయ్యయినా వెయ్యలేదు!"

మణెమ్మ అల్లుడి వంక చూసింది. మామగారి వంక చూసింది. ఎడమ చెయ్యి కొంగు చాటుకి లాక్కుంది.

"నీళ్ళతో తుడిచి, రెండ్రోజులు ఎండలో పెట్టండయ్యగారూ. పోద్దండీ."

"నాకే పాఠాలా? హెన్రీ! దీన్ని పంపేస్తావా, మా కాలనీ కార్లన్నీ వేరే షెడ్డుకి మళ్ళించమంటావా?"

హెన్రీ తల దించుకున్నాడు. మణెమ్మ కొంగు చాటు చెయ్యి తీయకుండానే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక భార్య వెంకటసుబ్బలక్ష్మిగారు మరక చూసి నెత్తి కొట్టుకుంది.

"సబ్బెవరు పెట్టారండీ? పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడదూ? పసుపులో సున్నం కలిపితే పారాణి ఎలా అవుతుందనుకున్నారు?"



నీళ్ళతో తుడిచి రెండ్రోజులు ఎండలో పెట్టారు. మరక మాయం.

మూడోనాడు ఒక్కరే షెడ్డుకి వెళ్ళారు.

"మణెమ్మేదయ్యా?"

"తాడేపల్లిగూడెం వైపు పోయిందండీ. ఎక్కడుందో తెలీదు. మీరొస్తే ఇది ఇమ్మంది," అంటూ హెన్రీ కాగితం పొట్లం అందించాడు. "అల్లుడుగారి ముందు బాగోదని కొంగులో దాచిందంటండీ."

విప్పారు. తువ్వాలు కింద ఆయనే మరిచిపోయిన సబ్బు ముక్క. అంచంతా పసుపు అంటుకుని ఎర్రబడి ఉంది.

ఆ రోజు మణెమ్మ గుప్పిట తెరిచుంటే ఆవిడ పని ఆవిడకుండేది, ఆయన పరువే పోయేది.

ఇది గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండర్రా. ఆయన పేరు మరిచినా ఫరవాలేదు, మణెమ్మ పేరు మాత్రం వదలకండి.