సగం మార్కు

"ఆ సగం మార్కు కొట్టెయ్యండి మాస్టారూ."

వరండాలో లెక్కల పేపర్లు దిద్దుతున్న మాస్టారు తలెత్తారు. ఎదురుగా నర్సు దుస్తుల్లో పాత శిష్యురాలు. ఆమె వేలు పేపరు మీద ఉంది. 3(x + 4) = 3x + 4 అని రాసి ఉందక్కడ.

"బ్రాకెట్లో మొదటిదాన్ని హెచ్చించింది, రెండోదాన్ని మర్చిపోయింది. పసిపిల్ల, పోనీలే అని వేశానమ్మా."

"నాక్కూడా ఇలాగే వేసేవారు."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

"పొద్దున వార్డులో ముగ్గురు పిల్లలకి తాగించే మందు ఒకే సీసాలో కలిపాను మాస్టారూ. పొడి మూడింతలు వేశాను. నీళ్లు మాత్రం ఒక్కరికి సరిపడానే పోశాను. కొలత ప్రకారం మొదటి పాపకి తాగించేసరికే సీసా ఖాళీ అయిపోయింది. అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు."

"పాపకెలా ఉంది?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "దక్కలేదు. తప్పు నాదేనని రాసిచ్చి, తిన్నగా ఇటే వచ్చాను."

మాస్టారు ఎర్ర పెన్ను కింద పెట్టారు. "చిన్నబుచ్చుకుంటావని వేశానమ్మా ఆ మార్కు."

"తెలుసు మాస్టారూ. సున్నా వేసుంటే ఆ పూట ఏడ్చేదాన్ని. అంతేగా."

ఆమె వెళ్లాక మాస్టారు సగం మార్కు కొట్టేసి సున్నా వేశారు. దిద్దేసి పక్కన పెట్టిన కట్ట కూడా విప్పారు. అందులో అలాంటివి ఇంకో ఆరు దొరికాయి.

ముప్పై ఏళ్లుగా దిద్ది ఇచ్చేసిన పేపర్లు మాత్రం ఆయన దగ్గర లేవు.