ఆఖరి వంతు

“ఇంకొక్కరికే టైముంది,” అన్నాడు మైకులో ఆఫీసరు.

లైనులో ఎల్లవ్వ ముందు ఒక ముసలాయన ఉన్నాడు. ఎల్లవ్వ ముందుకు వంగింది.

“కాకా, జర జరుగు. నన్ను మాట్లాడనియ్యి,” అంది బతుకుదెరువుకొచ్చి నేర్చుకున్న హిందీలో.

ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. తెల్ల టోపీ, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. గుజరాతీ మనిషి. అపార్ట్‌మెంట్లవాళ్ల వరసలోంచి లేచి వచ్చాడు. ఇంకేం, అపార్ట్‌మెంట్ మనిషేనని ఎల్లవ్వ తేల్చేసింది.

మరమగ్గాల షెడ్లున్న ఉధ్నాలోని ఆ హాల్లో పొద్దుటి నుంచి ఒకటే గోల. గల్లీలోకి పగటిపూట టెంపోలు రాకూడదని కార్పొరేషన్ కొత్త రూలు పెట్టబోతోంది. మీరేమంటారో చెప్పండని జనాన్ని పిలిచింది.

పిల్లలు బడికెళ్లే దారి, టెంపోలు వద్దంటారు అపార్ట్‌మెంట్లవాళ్లు. వాళ్ల భయమూ అబద్ధం కాదు. కానీ పగలు టెంపో రాకపోతే దారం రాదు. దారం రాకపోతే సాంచాలు ఆడవు. ఆ మగ్గాలన్నీ ఎక్కడో ఉన్న కడోదరాకు ఎత్తేస్తానని సేఠ్ ముందే చెప్పేశాడు. మంచాన పడ్డ అత్తను వదిలి ఎల్లవ్వ అంత దూరం పోలేదు. షెడ్డు పోతే ఆమె పని పోయినట్టే.

“పొద్దటిసంది మీ అపార్ట్‌మెంటోళ్లే మాట్లాడుతున్నరు కాకా. మా దిక్కుకెల్లి ఒక్కలు గూడ మాట్లాడలే.”

ముసలాయన చెల్లెల్ని పలకరించినట్టు అడిగాడు.

“నువ్వేం పని చేస్తావు, బెన్?”

“సాంచాల కాడ కండెలు చుట్టుత.”

“టెంపో రాకపోతే?”

“మా పొయ్యిల పిల్లి లేవది.”

ముసలాయన ఏదో అనబోయాడు. మైకు వైపు చూశాడు. ఎల్లవ్వ వైపు చూశాడు. తరవాత పక్కకు జరిగాడు.

“పో. నువ్వే చెప్పు.”

మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని ఎల్లవ్వ ఒక్క ఉరుకున మైకు పట్టుకుంది. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఆ రోజు ఎల్లవ్వ నోటికి ఎదురు లేదు.

“సాబ్, టెంపోలు గల్లీలకు రావొద్దు. మంచిదే. ఎవలకైనా పిల్లలు పిల్లలే. గని ఎనుక కాలువ పక్కపొంటి మట్టిరోడ్డు లేదా? గా దిక్కుకెల్లి రానియ్యుండ్రి.”

“అక్కడ మలుపు ఇరుకమ్మా.”

“ఇరుకేంది సాబ్! మలుపు కాడ ఒక డబ్బా కొట్టు అడ్డమున్నది. గదొక్కటి తీసేస్తే టెంపో రయ్యిన తిరుగుతది. మా డ్రైవర్ దశరథమన్నే చెప్పిండు.”

ఆఫీసరు ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు మ్యాపు చూసి తలూపాడు. అపార్ట్‌మెంట్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. వాళ్లకు కావలసింది వాళ్లకు దొరికింది.

“ఎవరికైనా అభ్యంతరమా?”

ముసలాయన చెయ్యి సగం లేచింది.

ఎల్లవ్వ గుడ్లురిమి చూసింది. అందరూ సరేనన్నాక ఈయనకేం పోయేకాలం? చోటిచ్చినట్టే ఇచ్చి ఇదేం బుద్ధి?

ఆ చెయ్యి టోపీ సర్దుకుని దిగిపోయింది.

“అయితే ఖాయం,” అన్నాడు ఆఫీసరు.

బయట మెట్ల దగ్గర ముసలాయన మళ్లీ ఎదురుపడ్డాడు.

“నీ పని ఉంటుంది కదా, బెన్?”

“ఉంటది కాకా. మీకు గూడ మంచిదే అయింది గదా. ఇగ మీ పిల్లలకు భయం లేదు.”

ముసలాయన నవ్వాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం షెడ్డులో దారం పెట్టెలు దించుతున్న దశరథానికి ఎల్లవ్వ కథంతా చెప్పింది.

“అపార్ట్‌మెంటాయనే గని మంచోడే అన్నా. నన్ను మాట్లాడనిచ్చిండు.”

“మంచోడైతే చెయ్యెందుకు లేపబోయిండు?”

“ఉన్నోళ్లకు అడ్డం చెప్పుడు అలవాటు గాదె!”

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

కొత్త దారిలో మొదటి టెంపో వచ్చే రోజున సాంచాలవాళ్లంతా మలుపు దగ్గర చేరారు. కొబ్బరికాయ ఎల్లవ్వే కొట్టాలన్నారు. ఆమె నోటి చలవవల్లే కదా దారి వచ్చింది! ఎల్లవ్వ పొంగిపోయింది. ఎందుకు పొంగదు మరి? అత్తకు మందుబిళ్ల వేసి, పండక్కి కట్టే చీర కట్టుకుని వచ్చింది.

కాయ పగిలింది. దశరథం స్టీరింగు తిప్పాడు. టెంపో ఎక్కడా ఆగకుండా మలుపు తిరిగింది. కుర్రాళ్లు ఈలలు వేశారు.

డబ్బాను పొద్దున్నే కార్పొరేషన్ లారీ ఎత్తుకుపోయింది. అది ఉన్న చోట ఒకాయన అటు తిరిగి కూర్చున్నాడు. మాసిన బనీను, గ్రీజు మరకల పైజామా. నేల మీద చెల్లాచెదురుగా పడ్డ పానాలు, సైకిల్ చెయిన్లు ఏరి గోనెసంచిలో వేసుకుంటున్నాడు.

ఎల్లవ్వ అందరికీ కొబ్బరిముక్కలు పంచుతోంది.

“గాయనకు గూడ ఓ ముక్కియ్యి అక్కా,” అన్నాడు టెంపో దిగిన దశరథం. “పాపం, డబ్బా గాయనదే. సైకిళ్లు బాగుజేస్తుండె. పెండ్లాం పోయినసంది వండుకునుడు, పండుడు అన్నీ గా డబ్బాలనే.”

ఎల్లవ్వకు మనసు చివుక్కుమంది. అయ్యో, ముందే తెలిస్తే ఇంకో ఉపాయం ఆలోచించేది కాదా? ఆ మనిషి ఆ రోజు హాలుకు వచ్చి ఒక్క మాట చెప్పుకోవలసింది. అందరినీ పిలిచారు కదా, ఎందుకు రాలేదో!

ఉన్నవాటిలో పెద్ద ముక్క తీసుకుని దగ్గరికి వెళ్లింది.

“తీసుకో కాకా.”

చెయ్యి తుడుచుకుని ఇటు తిరిగినవాడు, లైనులో తన వంతు ఆమెకిచ్చి పక్కకు జరిగిన ముసలాయన.