నాలుగో శాలువా

"టీ మీరు పెట్టండమ్మా. గ్లాసులు ఆయా కడుగుతుంది," అన్నాడు హెడ్‌మాస్టరు నాగభూషణరావు.

సౌందర్యకు ఆ మాట ఒక పట్టాన తలకెక్కలేదు. ఉపాధ్యాయ దినోత్సవం కదా, తననూ వేదిక మీదికి పిలుస్తారనుకుని పొద్దున్నే యూనిఫాం చీర ఇస్త్రీ చేసి కట్టుకొచ్చింది.

గురజాల దగ్గరి ఆ ఊళ్లో, బడి ఆవరణలో చివరి గదే అంగన్‌వాడీ. ఏళ్ల తరబడి దాన్ని నడుపుతున్నది సౌందర్య. ఆమెకు తోడు అంజమ్మ అనే ఆయా. సర్పంచి అంకమ్మరావు శాలువాలు తెచ్చాడని తెలిసి, తనకూ ఒకటి ఉందా అని సౌందర్య అడిగేసింది. హెడ్‌మాస్టరు నవ్వి, అవి టీచర్లకన్నాడు.

"పిల్లల్ని చూసుకునేవాళ్లంతా టీచర్లయితే, ఇళ్లల్లో నాయనమ్మలకు కూడా కప్పాలమ్మా."

ఒళ్లు మండదా మరి? ముక్కు తుడుచుకోవడం రాని పిల్లల్ని చేరదీసి, పలక పట్టించి ఒకటో తరగతికి పంపేది ఎవరు? ఇంటింటి సర్వే అన్నా, పోలియో చుక్కలన్నా ముందు గుర్తొచ్చేది ఎవరు? ఫోనులో సిగ్నల్ లేక యాప్ తెరుచుకోకపోతే చీవాట్లు తినేది ఎవరు? చాకిరీకి పనికొచ్చిన మనిషి గౌరవానికి పనికిరాకుండా పోయింది.

సౌందర్య విసవిసా గదికొచ్చింది. అంజమ్మ ఒక చేత్తో పప్పు కలుపుతూ, పిల్లల చేత అంకెల పాట పాడిస్తోంది. అది రోజూ ఉండే తంతే. సౌందర్య జరిగిందంతా చెప్పింది. అంజమ్మ గరిటె పక్కన పడేసి, పొయ్యి కట్టేసింది.

"ఏందీ, ఆ మాటన్నాడా? పద టీచరమ్మా, అందరి ముందే అడుగుదాం. ఇయ్యాల నోరు మూసుకుంటే రేపు మనల్ని గేటు కాడ నిలబెడతారు."

మాటతో ఆగలేదు. చిన్నవాణ్ణి చంకనేసుకుని, మిగతా పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ తనే ముందు కదిలింది. వేదిక దాకా వచ్చాక సౌందర్యను ముందుకు నెట్టి తను వెనక నిలబడింది.

అప్పటికి ముగ్గురు టీచర్లకూ శాలువాలు పడ్డాయి. నాలుగోది ముఖ్య అతిథిగా వచ్చిన సర్పంచి ఒళ్లోనే ఉంది. ఇదేందని హెడ్‌మాస్టరు లేవబోతే సర్పంచి కూర్చోమన్నాడు. సౌందర్య పిల్లల వైపు తిరిగి పాడమంది. బుడతలు వేళ్లు మడుస్తూ అంకెల పాట అందుకున్నారు. ఆ ఊపులోనే వారాల పేర్లూ అప్పజెప్పారు. ఒక్కడు కూడా తడబడలేదు. చెట్టు కింద నిలబడ్డ తల్లులు చప్పట్లు కొట్టారు.

"ఇదంతా వీళ్లకి పుట్టుకతో వచ్చిందా సార్?" సౌందర్య హెడ్‌మాస్టరు వైపు తిరిగింది. "నేర్పినోళ్లను ఏమంటారో మీరే చెప్పండి. జీతం పెంచమని అడగలా. ఆ పేరుతో పిలవమంటున్నా, అంతే."

సర్పంచి లేచి, తన కోసం తెచ్చుకున్న ఆ నాలుగో శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఇక తప్పదని హెడ్‌మాస్టరు మైకు అందుకుని, సౌందర్య టీచరుకు శుభాకాంక్షలన్నాడు. అంజమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా ఆమే.

గదికి తిరిగొచ్చేసరికి కడుపు నిండినట్టుంది సౌందర్యకు. ఇన్నాళ్లకు ఒకరు నోరారా టీచరన్నారు. అంజమ్మ మళ్లీ పొయ్యి వెలిగించి పప్పు పైకెక్కించింది.

అప్పుడు కిరాణా కొట్టు శేషగిరిరావు మనవరాలు దీపశ్రీ గబగబా వచ్చింది. వాళ్లమ్మ ఇచ్చి పంపిన చామంతి పువ్వును అంజమ్మ ముందుకు చాచి, "హ్యాపీ టీచర్స్ డే, అంజమ్మ టీచర్," అంది.

అంజమ్మ సిగ్గుపడిపోయి, చెయ్యి చీరకు తుడుచుకుని మరీ ఆ పువ్వు అందుకుంది.

సౌందర్య శాలువా సర్దుకుంటూ వచ్చి దీపశ్రీ గడ్డం పట్టుకుంది.

"టీచరేందమ్మా, ఆయా అనాల."