తమరు ముందు

"తమరు ముందు నడవండి ఉస్తాద్," అంది ఫర్ఖుందా.

"అయ్యో, తమరుండగా నేనా? తమరే ముందు," అన్నాడు తెల్లమీసాల పెద్దాయన.

కొలక్‌చాల్ విడిది గుమ్మం దగ్గరే మంచు మోకాళ్ళ దాకా ఉంది. ఫర్ఖుందాకి ఈ మర్యాద కొత్త కాదు. టెహ్రాన్‌లో లిఫ్టు దగ్గరా ఇంతే. తమరు ముందంటే తమరు ముందని నిలబడితే ఖాళీ లిఫ్టు పైకి వెళ్ళిపోతుంది. మూడోసారి కూడా ఆయన కదలకపోయేసరికి, ఇక బాగుండదని తనే అడుగు వేసింది.

ఆమె సరదాకి రాలేదు. కూతురు తర్లాన్ వచ్చే శుక్రవారం కొలక్‌చాల్ శిఖరం నుంచి తోచాల్ శిఖరానికి, మధ్యనున్న కొండ వెన్ను మీదుగా, ఈ మంచులోనే వెళ్తానని పట్టుబట్టింది. అటు లోయ, ఇటు లోయ. "ముందు నేను దాటి చూస్తాను. బతికొస్తే నువ్వు వెళ్ళు," అంది ఫర్ఖుందా.

తర్లాన్ తల పట్టుకుని ఏర్పాట్లు చేసింది. "తొమ్మిదింటికి విడిది దగ్గర దారి చూపే ఉస్తాద్ ఉంటారు. నీతో నడవడానికి ఇంకొకరు కూడా వస్తారట. ఉస్తాద్ చెప్పినట్టు నడువమ్మా. నీ సొంత తెలివి వాడకు."

ఆలస్యమైతే ఏమవుతుందోనని ఎనిమిదింటికే చేరింది. వారం రోజులుగా సర్దిన సంచిలో తాడు, ఈల, చిన్న పార, కట్టుగుడ్డలు, నాలుగు రకాల మాత్రలు, రెండు ఫ్లాస్కుల టీ. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని ఫోను ఆపి, ఉన్ని మేజోడులో దూర్చి అడుగున పెట్టింది. పెద్దాయన అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎండకి కమిలిన ముఖం, అరిగిన తోలు బూట్లు. కొండ మనిషని చూడగానే తెలిసిపోయింది. ఆయన ఆమె భుజాన తాడు చూసి, లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

"ఇంకొకరు వస్తారన్నారే?" అంది.

"నాతోనూ అలాగే అన్నారు."

"ముసుగుతన్ని పడుకునుంటారు. ఎండెక్కితే మంచు మెత్తబడుతుందట. తొమ్మిదయ్యేదాకా ఎందుకు, బయల్దేరదామా?"

"తమరి ఇష్టం ఉస్తాద్."

తననే ఉస్తాద్ అన్నాడు. ఎంత సంస్కారం, అనుకుంది ఫర్ఖుందా. అలాంటి మనిషిని పేరడగడం కూడా తప్పే.

కొలక్‌చాల్ శిఖరం దాటి వెన్ను ఎక్కాక మంచు తొడల దాకా వచ్చింది. ఆమె ప్రతి అడుగుకీ ముందు మూడుసార్లు కర్రతో పొడిచి చూసింది. ఆయన సరిగ్గా ఆమె అడుగులో అడుగు వేశాడు. వెనక్కి చూస్తే ఆ అడుగులు గాలికి అప్పుడే పూడుకుపోతున్నాయి.

"నాకివేమీ తెలియవండి. శుక్రవారాలు కొండ కింది దర్బంద్ టీకొట్టు దాకా నడిచే మనిషిని," అంది.

ఆయన నవ్వాడు. "నేను మాత్రం? ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి. మంచు సంగతి నాకేం తెలుసు?"

ఫర్ఖుందా కూడా నవ్వింది. గొప్పవాళ్ళు అలాగే అంటారు. వాళ్ళ వీధిలో గుండె డాక్టరూ "నాదేముంది" అనే అంటాడు.

ఇద్దరి నడుములకీ తాడు కట్టింది. "తమరి చేతిలో నా ప్రాణం," అన్నాడు ఆయన. "అదేం మాట, నా ప్రాణమే తమరి చేతిలో ఉంది," అంది ఆమె.

సగం దారిలో ఎడమవైపు మంచు అరుగులా చదునుగా కనిపించింది. కుడివైపు రాళ్ళు, పాకితే తప్ప దాటలేరు.

"ఎడమకి వద్దు. నున్నగా ఉన్నదేదీ నేను నమ్మను," అంది ఫర్ఖుందా.

"తమరెలా అంటే అలా."

పాకారు. పది నిమిషాలకి వెనకాల ఆ అరుగు మొత్తం విరిగి లోయలో పడింది.

"నేనైతే అటే నడిచేవాణ్ణి," అన్నాడు ఆయన మెల్లగా.

ఫర్ఖుందా గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. అన్నీ తెలిసి కూడా, ఘనత శిష్యురాలికి కట్టబెట్టే గురువు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?

మూడింటికి తోచాల్ శిఖరం మీది ఇనుప గుడిసెలో కూర్చుని టీ పోసింది. తమరు ముందు తాగండంటే తమరు ముందని సగం చల్లారింది.

"నా కూతుర్ని కూడా తమరి మీద భారం వేసి పంపుతాను," అంది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "తమరిలాంటి తల్లి ఉండగా ఆ అమ్మాయికి నేనెందుకు?"

ఆ వినయానికి ఇక తట్టుకోలేక ఫోను తీసి ఆన్ చేసింది. తర్లాన్ వెంటనే ఎత్తింది.

"అమ్మా, ఎక్కడున్నావ్? పొద్దుటి నుంచీ చేస్తున్నాను."

"తోచాల్ మీద. దాటేశాం. నువ్వు వెళ్ళిరా, నాకు భయం లేదు. కానీ ఈ ఉస్తాద్‌తోనే వెళ్ళాలి. ఈయన లేకపోతే నేనివాళ లోయలో ఉండేదాన్ని."

"అమ్మా, ఉస్తాద్ ఇంకా విడిది దగ్గరే మీ ఇద్దరి కోసం ఎదురుచూస్తున్నారు."